బ్యాటరీకి ఆయువు పోయు చిటికెడు ద్రవ్యము



రెంజల్, బోధన్ ప్రాంత గ్రామములలో ఈ ప్రసంగమును వినుచున్నవారు నేటి విషయము పేరు వినగానే, ఇది పట్టణములవారికి, కాలేజీ చదువులవారికి సంబంధించినదని తలంపవచ్చును. లిథియం అయాన్ బ్యాటరీలోని ద్రవమునకు చేర్చు స్వల్ప ద్రవ్యములను గూర్చి నేడు మాటలాడబోవుచున్నాను. ఇది మన ఇండ్ల విషయమే. చేతిలోని టెలిఫోనులో ఆ బ్యాటరీ ఉన్నది. బడికి పోవు మనుమరాలి స్కూటరులో ఉన్నది. కరెంటు పోయినపుడు వెలుగు దీపములోను ఉన్నది. నిన్నటి వరకు మన ఊళ్లలో లేని ఈ వస్తువు నేడు మంచము ప్రక్కనే నిదురించుచున్నది.

అది మేలు చేయు వస్తువే. అయినను దానిని గూర్చి భయపడవలసిన దినమును మన జిల్లా చూచినది. 2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదు పట్టణమున ఒక ఇంటిలో, రాత్రి ఛార్జింగు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ ప్రేలి, ఆ ఇంటి వృద్ధుడొకరు ప్రాణములు కోల్పోయిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులో, క్రింద విద్యుత్ స్కూటర్ల దుకాణము, పైన వసతిగృహము గల భవనమున అగ్ని పుట్టి, పొగ పైకెగబ్రాకి, ఎనిమిదిమంది మరణించిరి. ఆయా ప్రమాదములకు బాధ్యులెవరో నిర్ణయించుట ఈ ప్రసంగము పని కాదు. బ్యాటరీ లోపల ఏమి జరుగునో, ఏది దానిని కాపాడునో, ఆ కాపుదల ఎంతవరకు చాలునో తెలిసికొనుట మాత్రము మన పని. తెలిసినవాడు జాగ్రత్తపడును, తెలియనివాడు భయపడును, లేదా నిర్లక్ష్యము చేయును.

మొదట మనకు తెలిసిన చెఱకు రసముతో ఆరంభింతము. 1937లో స్థాపింపబడి 2015లో మూతపడిన బోధన్ నిజాం షుగరు ఫ్యాక్టరీని, ఆ శక్కర్ నగరును ఎఱుగని పెద్దలు ఈ ప్రాంతమున లేరు. గానుగనుండి దిగిన రసము మసకగా, పులిసిపోవుటకు సిద్ధముగా ఉండును. దానిని అట్లే కాచిన మంచి చక్కెర రాదు. అందువలన రసమునకు కొద్దిపాటి సున్నపు నీరు చేర్చుదురు. సున్నము రసములోని పులుపును విరిచి, మడ్డిని అడుగునకు దింపును. బెల్లము వండువారికి కూడ ఈ మర్మము తెలియును. సున్నము తక్కువైన బెల్లము గట్టిపడదు. ఎక్కువైన రంగు చెడి నల్లబడును. చెఱకు బండ్లకొలది వచ్చును, సున్నము మాత్రము పిడికెడే. అయినను పాకము బాగోగులు ఆ పిడికెటి మీదనే ఆధారపడి యుండును.

బ్యాటరీలోని ద్రవమునకు చేర్చు ఈ ద్రవ్యములును అట్టివే. శాస్త్రజ్ఞులు వీనిని సంకలితములందురు. అనగా కూడ చేర్చబడునవి. సాధారణముగా నూటికి ఒకటి, రెండు పాళ్లకు మించి వీనిని వాడరు. కిలో ద్రవమునకు 20 గ్రాములు. రెండు తులములైనను నిండవు. అయినను ఒక బ్యాటరీ రెండేండ్లకే మూలబడుటకును, మఱొకటి పదియేండ్లు పనిచేయుటకును గల భేదములో వీని పాలు చాల కలదు. ఎట్లో చూతము.

ట్రాక్టరు బ్యాటరీని మీరెఱుగుదురు. అందు సీసపు పలకలు, గంధకామ్లము కలిపిన నీరు ఉండును. నీరు తగ్గినపుడు డిస్టిల్డు వాటరు పోయుదురు. ఆ నీరెక్కడికి పోయినది? కొంత ఆవిరియైనది. కొంత విద్యుచ్ఛక్తి తాకిడికి జలజనక, ఆమ్లజనక వాయువులుగా విడిపోయినది. నీటికి విద్యుత్తును ఓర్చుకొను శక్తి స్వల్పము. 1.23 వోల్టులు దాటిన పిమ్మట అది విడిపోవుటకు సిద్ధపడును. సీసపు పలకల గుణము వలన ట్రాక్టరు బ్యాటరీలో ఒక్కొక్క గది రెండు వోల్టుల వరకు పనిచేయగలుగుచున్నది. లిథియం బ్యాటరీలో ఒక్కొక్క గది సుమారు మూడున్నర వోల్టులనిచ్చును. నిండుగా ఛార్జి చేసినపుడు కొన్నింటిలో నాలుగు వోల్టులు కూడ దాటును. అంత తాకిడికి నీరు నిలువదు. కావున ఈ బ్యాటరీలో నీటికి తావులేదు. దానికి బదులు కార్బొనేటులను ద్రావకములను వాడి, వానిలో లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేటు అను ఉప్పును కరగింతురు. ఈ మిశ్రమమునే ఎలక్ట్రోలైటు అందురు. కిరసనాయిలువలె ఇందలి ద్రావకములు మండు స్వభావము గలవి. ఈ మాటను గుర్తుంచుకొనుడు. దీని అవసరము ముందు రానున్నది.

ఆ ద్రవమున రెండు పలకలుండును. వీనిని ఎలక్ట్రోడులందురు. ధన ఎలక్ట్రోడు లోహపు ఆక్సైడుతో గాని, లిథియం ఐరన్ ఫాస్ఫేటుతో గాని చేయబడును. ఋణ ఎలక్ట్రోడు సాధారణముగా గ్రాఫైటు, అనగా పెన్సిలు ములుకులోని నల్లని పదార్థము. గ్రాఫైటు పొరలు పొరలుగా పేర్చిన కాగితముల దొంతరవలె ఉండును. ఛార్జి చేయునపుడు లిథియం అయానులు ధన ఎలక్ట్రోడునుండి బయలుదేరి, ద్రవమును దాటి, ఆ పొరల నడుమ చేరి నిలుచును. బండి నడుచునపుడు తిరిగి తమ పూర్వస్థానమునకు పోవును. రెండు ఊళ్ల నడుమ ప్రతిదినము రాకపోకలు చేయు కూలీలవంటివి ఇవి. ఆ కూలీలు తగ్గకుండ వచ్చుచు పోవుచున్నంత కాలము బ్యాటరీ ఆరోగ్యముగా ఉన్నట్లు. త్రోవలో చిక్కుపడి తిరిగి రానివారి సంఖ్య పెరిగినకొలది బ్యాటరీ ముసలిదగును.

ఈ విద్య ఒక్కనాడు పుట్టినది కాదు. 1970 తరువాతి దశకమున అమెరికాలో స్టాన్లీ విటింగ్‌హామ్ దీనికి మార్గము చూపెను. 1980లో జాన్ గుడినఫ్ ధన ఎలక్ట్రోడుకు లిథియం కోబాల్టు ఆక్సైడు తగునని నిరూపించెను. 1985లో జపానున అకిరా యోషినో బొగ్గుజాతి పదార్థమును ఋణ ఎలక్ట్రోడుగా పెట్టి, లిథియం లోహమును నేరుగా వాడు అపాయమును తప్పించెను. 1991లో సోనీ కంపెనీ దీనిని అంగడికి తెచ్చెను. 2019లో ఈ ముగ్గురికిని రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. అప్పటికి గుడినఫ్ వయస్సు 97 సంవత్సరములు. పెద్దవయసున కూడ ప్రయోగశాలను విడువని ఆ పండితుడు 2023లో కీర్తిశేషుడయ్యెను.

ఇక అసలు మర్మమునకు వత్తము. పైన చెప్పిన ద్రావకములు నీటికంటె ఓర్పు గలవే. అయినను ఛార్జి నిండిన గ్రాఫైటును తాకినపుడు వాని ఓర్పు కూడ చాలదు. అవియు విరుగుట ఆరంభించును. మఱి బ్యాటరీ ఎట్లు బ్రతుకుచున్నది? విరిగిన ద్రవపు ముక్కలు గ్రాఫైటు మీద పేరుకొని సన్నని పొరగా ఏర్పడును. ఆ పొర తరువాత వచ్చు ద్రవమును గ్రాఫైటునకు తగులనీయదు. ఎలక్ట్రానులను అడ్డగించును, లిథియం అయానులను మాత్రము దారి ఇచ్చి పోనిచ్చును. 1979లో ఇమాన్యుయెల్ పెలెడ్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి పొర స్వభావమును వివరించి దానికి పేరు పెట్టెను. మనము దానిని రక్షకపొర యందము. మన తలవెండ్రుక మందమును వేయి భాగములు చేసిన అందొక భాగము ఎంతయో, ఈ పొర సుమారుగా అంత మాత్రమే. తరచు అంతకంటెను పలుచన.

క్రొత్త మట్టికుండను మన తల్లులు ఎట్లు వాడుకకు తెచ్చెడివారో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మొదట అందు గంజి కాచెడివారు. గంజి కుండ రంధ్రములలో దిగి వానిని పూడ్చును. ఆ గంజి వ్యర్థమైనట్లు కనబడును గాని, అది పోయినందువలననే కుండ నీరు కారక నిలుచును. బ్యాటరీకి కర్మాగారములో చేయు మొదటి ఛార్జి ఇట్టిదే. ఆ మొదటి ఛార్జిలో, సుమారుగా చెప్పవలెనన్న, నూటికి పది వంతుల లిథియము రక్షకపొరలో చేరి మరల రాదు. పొర గట్టిగా ఏర్పడిన నష్టము అంతటితో ఆగును. పొర బలహీనమైన, అది పగిలినప్పుడెల్ల క్రొత్త గ్రాఫైటు బయటపడి, మరల ద్రవము విరిగి, మరల లిథియము ఖర్చగును. గండిపడు గట్టును ప్రతి వానకు పూడ్చుచుండిన, చివరకు పొలములోని మన్నే తరిగిపోవును గదా!

ద్రావకముల ఎన్నికలోనే ఈ పొర బాగోగులు ఎంత నిండియున్నవో తెలుపు వృత్తాంతమొకటి కలదు. ప్రొపిలీన్ కార్బొనేటు, ఎథిలీన్ కార్బొనేటు అనునవి దాదాపు కవల పిల్లలవంటి ద్రావకములు. మొదటిది చలికాలమున కూడ ద్రవముగానే ఉండును. రెండవది 36 డిగ్రీల లోపు గడ్డకట్టును. చూచువారు మొదటిదే మేలందురు. కాని ప్రొపిలీన్ కార్బొనేటు గ్రాఫైటు పొరల నడుమ దూరి వానిని పెచ్చులు పెచ్చులుగా ఊడదీసెను. గట్టి పొర ఏర్పడలేదు. అందువలననే మొదటి బ్యాటరీలలో గ్రాఫైటును వాడలేక కోకు జాతి బొగ్గును వాడవలసి వచ్చెను. 1990లో కెనడా దేశమున రోసమరియా ఫాంగ్, వాన్ సాకెన్, జెఫ్ డాన్ అను ముగ్గురు, ఎథిలీన్ కార్బొనేటు గ్రాఫైటు మీద నిలుకడయైన పొర కట్టునని చూపిరి. దానికి పలుచని ద్రావకములను కలిపి గడ్డకట్టకుండ చేయుదురు. నేటి గ్రాఫైటు బ్యాటరీలు ఈ దారిననే నడచుచున్నవి. అణువులో పిసరంత భేదము; ఫలితములో పగలునకు రాత్రికి గల భేదము.

అచ్చటనుండి శాస్త్రజ్ఞులకు ఒక ఆలోచన కలిగెను. ఎట్లును కొంత ద్రవము విరిగి పొర కావలసియే యున్నది. అట్లయిన, ప్రధాన ద్రావకముకంటె ముందుగా విరిగి, దానికంటె మేలైన పొర కట్టు పదార్థమును చిటికెడు ముందే కలుపరాదా? సంకలితముల విద్య ఇదియే.

వీనిలో పేరుగాంచినది వినైలిన్ కార్బొనేటు. ఇది మొదటి ఛార్జిలో ఎథిలీన్ కార్బొనేటుకంటె ముందుగా విరిగి, దారపు పోగులు పెనవేసికొన్నట్లు అణువుతో అణువును కలుపుకొని, గట్టిగాను సాగునట్లుగాను ఉండు పొరను నేయును. ఆ పొర వేడికి త్వరగా కరగదు. అయినను నూటికి రెండు పాళ్లు చాలునన్నచోట అయిదారు పాళ్లు పోసిన పొర మందమై, లిథియం రాకపోకలకు అడ్డమగును. బెల్లములో సున్నమువంటిదే దీని లెక్క.

రెండవది ఫ్లోరోఎథిలీన్ కార్బొనేటు. గ్రాఫైటుతో సిలికాను కలిపిన ఋణ ఎలక్ట్రోడులకు ఇది ముఖ్యము. సిలికాను తన బరువుకు గ్రాఫైటుకంటె ఎన్నో రెట్లు అధికముగా లిథియమును పట్టగలదు. కాని నిండుగా పట్టినపుడు మూడు నాలుగు రెట్లు ఉబ్బును; ఖాళీయైనపుడు ముడుచుకొనును. ఎండకు నెఱ్ఱెలు విచ్చి, వానకు పూడుకొను మన నల్లరేగడి నేల స్వభావము వంటిది. అట్టి నేలమీద ఏ పూత నిలుచును? ఫ్లోరోఎథిలీన్ కార్బొనేటు కట్టు పొర ఈ ఉబ్బును, ముడుపును ఇతరములకంటె బాగుగా ఓర్చుకొనును.

మూడవ జాతి సంకలితములు ధన ఎలక్ట్రోడును కాపాడును. ఇందలి ఉప్పునకు ఒక దుర్గుణమున్నది. ఆవగింజంత తేమ తగిలినను అది విరిగి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము పుట్టును. గాజును సైతము తినివేయు ఆమ్లమిది. అది ధన ఎలక్ట్రోడులోని మాంగనీసు మొదలగు లోహములను కరగించును. కరగిన లోహము ద్రవములో ప్రయాణము చేసి ఆవలి ఒడ్డునగల రక్షకపొరను పాడుచేయును. ఒక ఇంటి చెదలు పొరుగింటికి పాకినట్లు. ఈ కారణముననే మంచి ఎలక్ట్రోలైటులో నీరు పది లక్షల పాళ్లలో ఇరువది పాళ్ల లోపుగా ఉండునట్లు చూతురు. గాలిలోని తేమను పీల్చివేసిన పొడి గదులలో బ్యాటరీలను కట్టుదురు. అంతటితో ఊరకుండక, మిగిలిన తేమను, ఆమ్లమును పట్టుకొను ద్రవ్యములను, ధన ఎలక్ట్రోడు మీద పొర కట్టు గంధక, ఫాస్ఫరసు సంబంధ ద్రవ్యములను కూడ చేర్చుదురు.

ఇన్ని ద్రవ్యములలో ఏది మంచిదని తేల్చుటెట్లు? పదియేండ్లు వేచి చూడ వీలుకాదు. ఇక్కడ మన షావుకార్ల చక్రవడ్డీ లెక్క పనికివచ్చును. ఛార్జిలో పోసిన విద్యుత్తులో తిరిగి ఎంత వచ్చినదో మిక్కిలి సూక్ష్మముగా కొలుతురు. ప్రతి పర్యాయము నూటికి 99.9 పాళ్లు వచ్చుచున్నదనుకొందము. వినుటకు చాల బాగున్నది. ఆ తరుగంతయు లిథియమునకే తగిలినదని లెక్కించిన, వేయి పర్యాయముల తరువాత నూటికి 37 పాళ్లు మాత్రమే మిగులును. అదే 99.99 పాళ్లు వచ్చిన, వేయి పర్యాయముల తరువాత 90 పాళ్లు మిగులును. వడ్డీలో దమ్మిడీ భేదము అసలును ఎట్లు మ్రింగునో ఇదియు అట్లే. కెనడాలోని హాలిఫాక్సు నగరమున డల్హౌసీ విశ్వవిద్యాలయములో పైన చెప్పిన జెఫ్ డాన్ గారి బృందము ఇట్టి సూక్ష్మపు కొలతలతో అనేక సంకలితములను, వాని జోడింపులను పరీక్షించెను. తగిన సంకలితములు, మేలైన ఎలక్ట్రోడులు కలిసిన బ్యాటరీ వేలకొలది పర్యాయములు నిలువగలదని వారు 2019లో ప్రకటించిరి. ఒక్కటే ద్రవ్యముకంటె రెండు మూడు జోడించిన మందు తరచు మేలగునని కూడ వారి పరీక్షల వలన తేలినది. వైద్యుడు ఒక్క మూలికతో గాక కషాయముతో వైద్యము చేయుట వంటిది.

ఇప్పుడు మన జిల్లా ఎండను గూర్చి ఆలోచింపవలెను. వైశాఖ జ్యేష్ఠములలో నిజామాబాదు ప్రాంతమున 45 డిగ్రీల దినములు క్రొత్త కావు. రసాయన క్రియలు సుమారు పది డిగ్రీల వేడికి ఒకసారి రెట్టింపు వేగమందునని స్థూలమైన లెక్కయొకటి కలదు. 25 డిగ్రీల చల్లని దేశమున నెమ్మదిగా ముసలియగు బ్యాటరీ, 45 డిగ్రీల ఎండలో నాలుగింతల వేగమున ముసలియగునని దీని భావము. చలిదేశములకు తగినట్లు పలుచని ద్రావకములు ఎక్కువ కలిపిన ద్రవము మన ఎండకు తగకపోవచ్చును. మన దేశమునకు తగిన ఎలక్ట్రోలైటు మన ఎండను ఎఱిగినదై యుండవలెను. విత్తనము తెచ్చునపుడు మన నేలకు పండునా అని అడుగుదుము గదా. బ్యాటరీని గూర్చి కూడ మన వేసవికి నిలుచునా అని అడుగుట ధర్మమే.

ఇక అగ్ని సంగతి. బ్యాటరీ ఏ కారణముననైనను 80 నుండి 120 డిగ్రీల వరకు వేడెక్కినచో మొదట ఈ రక్షకపొరయే చెడిపోవును. పొర పోగానే గ్రాఫైటు, ద్రవము ఒకదానినొకటి తాకి మరింత వేడి పుట్టును. 130 డిగ్రీల ప్రాంతమున రెండు ఎలక్ట్రోడుల నడుమనున్న ప్లాస్టిక్ తెర కరగును. అవి రెండును కలిసికొనును. ఇంకను వేడెక్కిన, కొన్ని జాతుల ధన ఎలక్ట్రోడులనుండి ఆమ్లజనకము వెలువడును. మండు ద్రవము, ఆమ్లజనకము, వేడి యొక్కచోట చేరిన తరువాత ఆపువారెవరు? లిథియం ఐరన్ ఫాస్ఫేటు జాతి ఆమ్లజనకమును అంత సులభముగా విడువదు. కావున ఈ విషయమున అది కొంత నెమ్మదియైనది. అంత మాత్రమున దానికి అగ్నిభయము లేదని కాదు. దానిలోని ద్రవమును మండునదియే.

అగ్నిని మందగింపజేయు ఫాస్ఫేటు సంకలితములు కూడ కలవు. అధికముగా ఛార్జి అయినపుడు తాము గట్టిపడి వాయువును పుట్టించి, బ్యాటరీలోని మీటను తెంచి, ప్రవాహమును ఆపు బైఫినైలు వంటివి మఱికొన్ని. కాని ఇక్కడ సత్యము చెప్పవలెను. అగ్నిని నిజముగా అణచుటకు చిటికెడు చాలదు; ఎక్కువ పాళ్లు కావలెను. ఎక్కువ పోసిన రక్షకపొర చెడి బ్యాటరీ ఆయువు తగ్గును. ఇంతవరకు ఏ సంకలితమును, చెడుగా కట్టిన బ్యాటరీని మంచిదానినిగా చేయలేదు. పంచర్ అయిన గదిని అతుకలేదు. తప్పుడు ఛార్జరును సరిదిద్దలేదు. సున్నము రసమును శుద్ధి చేయును గాని, కుళ్లిన చెఱకును తీయగా చేయదు.

కావున ప్రభుత్వము వారు 2022 నాటి ప్రమాదముల తరువాత విద్యుత్ వాహనముల బ్యాటరీలకు ఏ.ఐ.ఎస్. 156 అను ప్రమాణమును కఠినము చేసిరి. అందలి నియమములు 2022 డిసెంబరు 1 నుండి ఒక విడత, 2023 మార్చి 31 నుండి రెండవ విడత అమలుకు వచ్చెను. ఒక గదిలో పుట్టిన అగ్ని బ్యాటరీ అంతట ప్రాకి వాహనమున కూర్చున్నవారికి అపాయము కలిగింపకుండ ఉండుట, వేడిని కనిపెట్టు సాధనములుండుట మొదలగు పరీక్షలు ఇందు ముఖ్యము. కొనుగోలు చేయువారు ద్రవములో ఏమి కలిపిరో చూడజాలరు. కంపెనీవారు ఆ యోగమును రహస్యముగా ఉంచుకొందురు. కాని ఈ ప్రమాణమునకు లోబడినదా, ఎన్నడు తయారైనది, ఎన్ని సంవత్సరముల పూచీ యిచ్చుచున్నారు అని అడిగి వ్రాయించుకొనుట మన చేతిలోనిదే. చవుకగా దొరకునని పాత గదులను విడదీసి తిరిగి కట్టిన బ్యాటరీని కొనుట, పొదుపు పేర ప్రాణమును తాకట్టు పెట్టుటయే.

ఇంటిలో పాటింపవలసినవి కొన్ని మనవి చేయుదును. వాహనముతో వచ్చిన ఛార్జరునే వాడుడు. ఎండలో తిరిగి వచ్చిన బండి చల్లబడిన పిమ్మటనే ఛార్జి పెట్టుడు. నిదురించు గదిలోను, ఇంటినుండి బయటికి పోవు ఏకైక ద్వారము చెంతను పెట్టవద్దు, రాత్రియంతయు విడిచిపెట్టవద్దు. అవసరము లేని దినములలో నూటికి నూరుపాళ్లు నింపి ఎండలో నిలుపవద్దు. నిండు ఛార్జి, నిండు ఎండ రెండును కలిసి రక్షకపొరకు శత్రువులు. ఉబ్బిన బ్యాటరీని, క్రిందపడి దెబ్బతిన్నదానిని, వాగు నీట మునిగినదానిని విప్పి చూడక, తెలిసిన సర్వీసువారికి చూపుడు. పొగ కనబడిన, ఆ పొగ విషతుల్యమని తెలిసికొని, మొదట ఇంటిల్లిపాదియు బయటికి వచ్చి 101కి ఫోను చేయుడు. బండి పోయిన మరల వచ్చును.

చివరగా మన బిడ్డల బ్రతుకు తెరువును గూర్చి ఒక మాట. లిథియం బ్యాటరీలను చాలకాలము విదేశములనుండియే తెచ్చుకొంటిమి. ఇప్పుడు ఆ పని తెలుగు నేలకు వచ్చుచున్నది. 1985లో గల్లా రామచంద్రనాయుడు గారు స్థాపించిన అమరరాజా సంస్థ, 2023 మే నెలలో మహబూబ్‌నగర్ చెంత దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల కర్మాగారమునకు శంకుస్థాపన చేసెను. దానికి పదేండ్లలో 9,500 కోట్ల రూపాయలు వెచ్చింతుమని అంతకు ముందు ఏడాది ప్రకటించిరి. హైదరాబాదు బాలాపూరునగల ఆర్కి పరిశోధన సంస్థవారు ధన ఎలక్ట్రోడుకు కావలసిన లిథియం ఐరన్ ఫాస్ఫేటు చూర్ణమును తయారుచేయు పద్ధతిని సాధించి పరిశ్రమకు అందించిరి. ఈ కర్మాగారములకు బలవంతులకంటె జాగ్రత్తగలవారు ఎక్కువ కావలెను. పది లక్షల పాళ్లలో ఇరువది పాళ్ల తేమను కనిపెట్టువారు, నూటికి ఒక పాలు ద్రవ్యమును తప్పక తూచువారు కావలెను. ఒకనాడు శక్కర్ నగరు ప్రయోగశాలలో రసపు పులుపును, చక్కెర పాలును గడియ గడియకు కొలిచిన నేర్పరులు ఈ ప్రాంతమువారే. ఆ ఫ్యాక్టరీ మూతపడినను, కొలిచి పనిచేయు ఆ గుణము మన పిల్లలకు సంక్రమింపజేయవచ్చును. బడిలో రసాయనశాస్త్రము కష్టమని విడిచిపెట్టబోవు పిల్లవానికి, అది బ్యాటరీలో ఉన్నది, బెల్లపు పెనములో ఉన్నదని మీవంటి పెద్దలు చెప్పిన, గురువు చెప్పినదానికంటె ఎక్కువగా నాటుకొనును.

సారాంశమిది. బ్యాటరీ బలము దాని బరువులో లేదు. వెండ్రుకలో వేయవ వంతు పొరలో ఉన్నది. ఆ పొర బలము చిటికెడు ద్రవ్యములో ఉన్నది. ఆ ద్రవ్యము పనిచేయుట, కట్టినవాని నిజాయితీలోను, వాడువాని జాగ్రత్తలోను ఉన్నది. మొదటి రెండును శాస్త్రజ్ఞుల వంతు. మూడవది తయారుచేయువారి వంతు. నాలుగవది మన వంతు. ఈ రాత్రి నిదురించుటకు పూర్వము ఇంటిలో ఛార్జింగు ఎక్కడ పెట్టబడినదో ఒకసారి చూచుకొనుడు.